గొలుసు కాపలా కాయదు

చిల్లకల్లులో హైవే పక్కన ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నా ఈ మధ్య ఒక కబురు తరచుగా వినపడుతోంది. ఎవరి దొడ్డిలోనో రాత్రి కుక్కల గుంపు పడింది, పాలు తాగే గొర్రెపిల్లల్ని కొరికి పడేసి పోయింది. చెప్పేవాడి గొంతు వణుకుతుంటుంది. విన్నవాళ్లు ఇచ్చే సలహా మాత్రం ఎప్పుడూ ఒక్కటే. "నాటు కుక్కల్ని నమ్ముకుంటే ఇంతేరా అబ్బాయ్. హైదరాబాదు నుంచి పెద్ద జాతి పిల్లను తెప్పించు. గొలుసేసి కట్టు. పగలు కడుపు మాడ్చి రాత్రి వదులు. అప్పుడు చూడు దాని రోషం."

ఈ సలహా ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మా మేనమామ వరసవాళ్లు, నాతో బడికి వచ్చినవాళ్లు, మా పక్క చేల రైతులు. అందుకే ఇన్నాళ్లూ ఎదురు చెప్పకుండా టీ తాగి లేచి వచ్చేవాణ్ని. ఇక ఊరుకోలేను. ఆ మాట నమ్మి డబ్బు పోసి కొన్నవాళ్లను చూశాను, కొన్న కుక్క చేతుల్లోనే చావడం చూశాను, అలాంటి కుక్కే ఇంటి పిల్లవాడి చెయ్యి పట్టుకోవడం చూశాను. ఒక్క గొర్రెపిల్ల దానివల్ల బతికిందని చెప్పినవాణ్ని మాత్రం చూడలేదు. మంద కాచే కుక్క గురించి మా వైపు పాతుకుపోయిన నమ్మకం మొదలంటా తప్పని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

జగ్గయ్యపేట అవతల మా దగ్గరి చుట్టం ఒకాయన మామిడి తోటలో రేకుల షెడ్డు వేసి అరవై గొర్రెలు పెట్టాడు. కాపలాకని ఒక కూనను కొన్నాడు. కాకసస్ కొండల్లో తోడేళ్లను నిలబెట్టే జాతి అని అమ్మినవాళ్లు చెప్పారట. చెప్పింది అబద్ధం కాదు, ఆ జాతి పుట్టిందే ఆ పనికి. వచ్చిన రోజు అది దూదిమూటలా ఉంది. వచ్చిన రోజే మెడకు గొలుసు పడింది. గొర్రెల దగ్గరికి పోనిస్తే మెత్తబడుతుందని షెడ్డుకు ఇవతల, గేటు పక్కన కట్టారు. ఎనిమిది నెలలకు అది మనిషి నడుము ఎత్తుకు వచ్చింది. ఒక రాత్రి వదిలారు. బెదిరి పరుగెత్తే గొర్రెల్ని చూసి అది ఆటనుకుంది. వెంటపడి ఒక పిల్లను పట్టుకుంది. తెల్లారి దాన్ని కర్రతో చావబాది మళ్లీ గొలుసేశారు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆ గొలుసు విప్పలేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా నందిగామ, జగ్గయ్యపేట వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు మాకు కొత్త కాదు. చుట్టూ సున్నపురాయి నేల, దాని మీద రేకుల కప్పు. ఆ మధ్యాహ్నం నాకు ఫోను చేస్తే పరుగున వెళ్లాను. పక్కమీద పడి ఉంది. నాలుక ఇటుక రంగుకు తిరిగి బయటికి వేలాడుతోంది, నోటి నుంచి జిగురు నురగ కారుతోంది. కుక్కకు మనలాగా ఒంటినిండా చెమట పట్టదు. రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి, రొప్పినప్పుడు లోపలికి పోయేది మంటలాంటి గాలే అయితే ఆ దారీ మూసుకుపోతుంది. మామూలుగా 38, 39 డిగ్రీల మధ్య ఉండే ఒళ్లు 41 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలైనట్టే. నీళ్లు పోశాం, తడి గోనెలతో తుడిచాం, పశువుల డాక్టరును పిలిపించాం. సాయంత్రానికి పోయింది. దానికి అప్పటికి పదహారు నెలలు.

ఎండ చంపిందన్నారు అందరూ. ఎండ చివర్లో వచ్చింది. ఆ తోటలో గడిపిన ఏడాది పైచిలుకులో అది ఒక్క రాత్రి కూడా గొర్రెల మధ్య పడుకోలేదు. ఏ మందను కాయడానికి తెచ్చారో ఆ మంద వాసన దానికి తెలియదు. దాని తప్పేమిటో దానికి ఎవరూ చెప్పలేదు, దెబ్బలు మాత్రం తగిలాయి. నన్నయ గారి ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్లు యజ్ఞశాల దగ్గర ఏ తప్పూ చెయ్యని సారమేయుణ్ని కొడితే, తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. భారత కథకు గుమ్మంలోనే ఆ కుక్క తల్లి నిలబడి ఉంది. అంతకన్నా ముందు ఋగ్వేదంలో, పణులు దాచేసిన ఆవుల జాడ తీసిందీ ఆ సరమే. పశువులకు కాపలాగా కుక్క ఉండటం మనకు నిన్నా మొన్నటి సంగతి కాదు.

మా ఇంట మూడు తరాలుగా జీవాలున్నాయి. మా తాత హయాంలో మల్లి అనే ఆడకుక్క ఉండేది. బూడిదరంగు, ఒక చెవి సగం తెగింది, ఎత్తు మోకాలికి కొంచెం పైన. దాని తల్లి మా దొడ్డిలోనే తడకల చాటున వరిగడ్డిలో ఈనింది. కళ్లు తెరవకముందే ఆ కూనలకు గొర్రె వాసన తగిలింది. కళ్లు తెరిచాక మొదట చూసింది గొర్రె కాళ్లను. నెల తిరిగేసరికి చలి రాత్రుల్లో అవి గొర్రెపిల్లల గంప పక్కన ముడుచుకు పడుకునేవి. ఒక కూన మరీ ఎగిరెగిరి మీద పడుతుంటే ముసలి గొర్రె ఒకటి తలతో ఒక్క పోటు పొడిచేది. అది కుయ్యోమని వెనక్కి తగ్గేది. తాత చూస్తూ ఊరుకునేవాడు. "దానికి బుద్ధి చెప్పాల్సింది నేను కాదురా, ఆ గొర్రె" అనేవాడు. అదే ఆ కూన చదువు.

మల్లి పెద్దదయ్యాక గొర్రె ఈనుతుంటే నాలుగు బారల దూరంలో కూర్చుని చూసేది. మాయ పడ్డాక వచ్చి అది తినేసి, నేల నాకి శుభ్రం చేసి పోయేది. తడి ఆరని పిల్ల పక్కనే వణుకుతున్నా దాని జోలికి పోయేది కాదు. నెత్తురు రుచి మరిగితే కుక్క పాడైపోతుందనేవాళ్లు ఈ ఒక్క సంగతికి సమాధానం చెప్పాలి. వరి కోతలయ్యాక మందను దిగువకు తోలుకెళ్లినప్పుడు, రైతులు ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకున్నప్పుడు, వల చుట్టూ రాత్రంతా తిరిగేది మల్లి. గొంగళి కప్పుకుని పడుకున్న తాత దాని మొరుగును బట్టి వచ్చింది నక్కో మనిషో చెప్పేవాడు. నాకు తెలిసి అది ఎవర్నీ కరవలేదు.

మొరిగే కుక్క కరవదు అని మనకో సామెత ఉంది. చేతకానివాణ్ని వెక్కిరించడానికి వాడతాం. మందకు కావాల్సింది మాత్రం సరిగ్గా ఆ కుక్కే. నక్క గానీ ఊరకుక్కల గుంపు గానీ ప్రాణాలకు తెగించి యుద్ధానికి రావు. అక్కడ ఒక కావలి ఉందని, అది నిద్రపోవడం లేదని తెలిస్తే తేలిగ్గా దొరికే మరో చోటు వెతుక్కుంటాయి. కాపలాలో తొంభై పాళ్లు మొరగడం, అడ్డం నిలబడటం, గుడ్డిచీకట్లో వల చుట్టూ మూత్రం పోసి ఇది నా చోటని చెప్పడం. కొరకడం ఎప్పుడో ఒకసారి, గత్యంతరం లేనప్పుడు.

ఇది మా తాత ఒక్కడికే తెలిసిన విద్య అనుకుంటే పొరపాటు. 1833లో డార్విన్ దక్షిణ అమెరికాలో, ఇప్పటి ఉరుగ్వే దేశంలో గుర్రం మీద తిరుగుతూ, మనిషి జాడ లేని మైదానంలో ఒకటి రెండు కుక్కలు పెద్ద పెద్ద గొర్రెల మందల్ని కాయడం చూసి ఆశ్చర్యపోయాడు. ఎలా సాధ్యమని అడిగితే అక్కడివాళ్లు చెప్పింది తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కూనను పసితనంలోనే తల్లి నుంచి వేరు చేస్తారు. రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రెను పట్టుకుని దాని పాలు తాగిస్తారు. దొడ్డిలోనే ఉన్నితో పక్క వేస్తారు. మిగతా కుక్కలతో గానీ ఇంటి పిల్లలతో గానీ కలవనివ్వరు. పెద్దయ్యాక అది రోజూ ఇంటికొచ్చి మాంసం ముక్క తీసుకుని సిగ్గుపడ్డట్టు తోక ముడుచుకుని పరుగెత్తుతుంది, ఇంటికుక్కలు దాన్ని తరుముతాయి. మంద దగ్గరికి చేరగానే అదే కుక్క వెనక్కి తిరిగి మొరుగుతుంది. అప్పుడు ఆ తరిమిన కుక్కలన్నీ కాళ్లకు బుద్ధి చెబుతాయి. ఇంటి దగ్గర పిరికిది, మంద దగ్గర సింహం. ఈ తేడా జాతి నుంచి వచ్చిందా? ఆకలి నుంచి వచ్చిందా?

1970ల చివర్లో అమెరికాలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు హ్యాంప్‌షైర్ కాలేజీ నుంచి ఈ సంగతినే ఏళ్ల తరబడి పరీక్షించారు. ఇటలీ మరెమ్మా, టర్కీ అనటోలియన్, నాటి యుగోస్లావియా షార్‌ప్లానినాట్స్ కూనల్ని తెచ్చి వందల మంది రైతులకిచ్చి, ఏది నిలిచింది, ఏది చెడింది రాసుకుంటూ వచ్చారు. మంచి మందకుక్కలో వాళ్లు చూసినవి మూడు గుణాలు. మందను విడిచి పోకపోవడం, మందకు హాని చెయ్యకపోవడం, మందకు ఆపద వస్తే అడ్డుపడటం. ఇందులో మూడోది మొదటి రెండింటి వెనకే వస్తుంది. ఆ రెండూ కుదిరేది కూనకు నాలుగు నెలలు నిండేలోపే. మూడో వారం నుంచి పదహారో వారం దాకా అది ఎవరితో కలిసి ఉంటే వాళ్లే దానికి బంధువులు. ఆ తలుపు మూసుకున్నాక మనం ఎంత తిప్పలు పడ్డా మళ్లీ అంతగా తెరుచుకోదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పారు. మా చుట్టం తన కూనకు ఆ వారాల్లో చూపించింది ఒక గేటును, ఒక గొలుసును, హైవే మీద పోయే లారీలను.

దీనికి మా ఊళ్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "నీ నాటు కుక్కలే కదయ్యా దొడ్లలో పడి పిల్లల్ని చంపుతున్నది!" నిజమే. కాదనను. కోడి వ్యర్థాలు, మాంసం కొట్ల చెత్త తెచ్చి రోడ్డు పక్కన గుమ్మరిస్తున్నంత కాలం ఆ గుంపులు పెరుగుతూనే ఉంటాయి, అది మనం చేసుకున్నదే. కానీ ఆ మాటే నా వాదనకు పెద్ద సాక్ష్యం. ఒకే ఈతలో పుట్టిన రెండు కూనల్ని తీసుకోండి. ఒకదాన్ని దొడ్డిలో గొర్రెల మధ్య పెంచండి, రెండోదాన్ని మాంసం కొట్టు వెనక చెత్తకుప్ప మీద వదిలెయ్యండి. ఏడాది తిరిగాక ఒక రాత్రి రెండోది గుంపుతో కలిసి వచ్చి వల మీద పడుతుంది, మొదటిది వల ఇవతల నిలబడి దాన్ని ఎదిరిస్తుంది. తల్లి ఒకటే, నెత్తురు ఒకటే. ఒకటి దొంగ, ఒకటి కావలి. అలాంటప్పుడు లోపాన్ని నాటు జాతి మీద రుద్దడం ఎంత అన్యాయం.

పెద్ద జాతులు పనికిమాలినవని నేను అనడం లేదు. టర్కీ కంగల్, పిరెనీస్ కొండల తెల్లకుక్క, మన హిమాచల్ గద్దీ కాపరుల కుక్క, ఇవన్నీ వేల ఏళ్ల మనిషి శ్రమకు ఫలం. మెడకు ముళ్ల ఇనుప పట్టీ వేసుకుని చిరుతకు ఎదురు నిలిచే గద్దీ కుక్క ముందు చేతులు జోడించాల్సిందే. తోడేళ్లు, ఎలుగులు తిరిగే చలికొండల్లో అంత ఒడ్డూ పొడుగూ కావాలి, అంత బొచ్చూ కావాలి. మా దగ్గర పరిస్థితి వేరు. పులి కథ మాకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడిలో మిగిలింది. ఆవుల్ని మేపబోయిన గోపయ్యను పులి పొట్టనబెట్టుకున్న కథ విని ఏటా తిరనాళ్లలో కన్నీళ్లు పెట్టుకుంటాం. ఇప్పుడు సుబాబుల్ తోటల్లో దాక్కునేవి నక్కలు, అడవిపందులు. వాటికి తోడు ఊరకుక్కల గుంపులు, రాత్రి వ్యానేసుకుని వచ్చే మనుషులు. ఈ శత్రువులకు యాభై అరవై కిలోల కుక్క అక్కర్లేదు. ఇరవై కిలోలవి రెండు, మందలో పెరిగినవి చాలు. వాటికి ఈ ఎండ తెలుసు, ఈ తిండి తెలుసు, మధ్యాహ్నం చెట్టు మొదట్లో గొయ్యి తవ్వుకుని పడుకోవడం తెలుసు.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. అమెరికా నైరుతి ఎడారిలో నవాహో ప్రజలు తరతరాలుగా మందల్ని కాయించేది ఏ జాతికీ చెందని సంకర కుక్కలతో. వాటిని మందలోనే పుట్టించి మందలోనే పెంచుతారు, అవి కొయోటీలనే నక్కలాంటి జంతువులను దగ్గరికి రానివ్వవు. ఆఫ్రికాలో నమీబియా రైతులకు చీతా సంరక్షణ సంస్థవాళ్లు 1994 నుంచి టర్కీ జాతి కుక్కల్ని పెంచి ఇస్తున్నారు, మేలే జరిగింది. పొరుగున బోట్స్‌వానాలో మాత్రం అదే పనికి ఊళ్లో తిరిగే త్స్వానా కుక్కల్నే కూనలప్పుడు మేకల్లో కలిపి పెంచారు. అవీ నిలబడ్డాయి, పైగా తిండి ఖర్చు తక్కువ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఆస్ట్రేలియాది. విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ ఒడ్డున మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. పోటు తగ్గినప్పుడు నక్కలు దాటి వచ్చి అక్కడి చిట్టి పెంగ్విన్లను తినేసేవి. వందల్లో ఉన్న పక్షులు పది లోపుకు పడిపోయాయి. 2006లో గొర్రెల్ని కాచే మరెమ్మా కుక్కల్ని ఆ దీవి మీద కాపలా పెట్టారు. వాటికి పక్షుల్ని అలవాటు చేశారు. నక్కలు రావడం మానాయి, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. గొర్రె అయినా పక్షి అయినా, తనతో కలిసి బతికినదాన్ని ఆ కుక్క కాచింది. ఇది చదివినప్పుడు నాకు కొల్లేరు గుర్తొచ్చింది. మన పాత కృష్ణా జిల్లా దిగువన బాతుల మందల్ని తోలేవాళ్ల వెంట జోనంగి కుక్క ఉండేది. నుదుటి మీద ముడతలు, పొట్టి బొచ్చు, నేలలో గొయ్యి తీసుకుని పడుకునే అలవాటు. బాతులు నోటికి అందే ఎత్తులో తిరుగుతున్నా ముట్టేది కాదు, చెదిరినవాటిని మందలోకి మళ్లించేది. చేపల చెరువులొచ్చి బాతుల మందలు తగ్గాక జోనంగికి పని పోయింది. ప్రపంచం మెచ్చుకునే విద్య మన జిల్లాలోనే పుట్టి మన కళ్లముందే కనుమరుగవుతుంటే, మనం హైదరాబాదు బస్సెక్కి మంచుకొండల కుక్కను వెతుక్కుంటున్నాం.

అయితే ఈ మాట విని "సరే, దేశీ జాతే కొంటాం" అని చిప్పిపారైని, రాజపాళయాన్ని, ముధోల్‌ని తెచ్చి మందలో వదిలే యువకులూ ఉన్నారు. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో ఈ జాతుల పేర్లు చెప్పినప్పటి నుంచి మోజు ఎక్కువైంది. దేశీ జాతుల మీద ప్రేమ మంచిదే. కానీ చిప్పిపారై, ముధోల్ వేటకుక్కలు. కదిలినదాన్ని కంటితో పట్టి వెంటాడటానికి తరతరాలుగా ఏరిన కుక్కలు. గంతులేసే గొర్రెపిల్ల ముందు దాన్ని నిలబెట్టి తర్వాత తిట్టుకోవడం మన తప్పు. పేరు విదేశీదైనా స్వదేశీదైనా, పేరును కొనడమే అసలు జబ్బు.

ఇక ఆకలి. కడుపు మాడిస్తే కాపలా బాగా కాస్తుందన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆకలితో ఉన్న జంతువును ముప్పై కిలోల మాంసం పక్కన రాత్రంతా వదిలి, ముట్టొద్దని ఆశించే బుద్ధి ఎక్కడిది? వ్యానులో వచ్చిన దొంగ విసిరిన మందు కలిపిన మాంసం ముక్కను మొదట నోట్లో వేసుకునేది ఆకలి కుక్కే. కొందరు పచ్చిమిరపకాయలు నూరి తినిపిస్తారు, కారం తింటే కరుకుదనం వస్తుందట. అది కడుపులో మంట తప్ప ఏమీ ఇవ్వదు. కొందరు చెవులు, తోక కోయిస్తారు. తోక, చెవులు కుక్కకు నోరులాంటివి. అవి లేనిదాని మనసులో ఏముందో పక్క కుక్కకూ తెలియదు, గొర్రెకూ తెలియదు.

గొలుసు సంగతి మరీ ఘోరం. రోజంతా కట్టేసి ఉంచిన కుక్కకు ప్రతి చప్పుడూ శత్రువే, ఎందుకంటే పారిపోయే దారి లేదు, దగ్గరికెళ్లి చూసే వీలూ లేదు. లారీ పోతే మొరుగుతుంది, పాలవాడొస్తే మొరుగుతుంది, ఆకు రాలితే మొరుగుతుంది. నాలుగు రోజులకు ఇంట్లోవాళ్ల చెవులు దానికి అలవాటు పడిపోతాయి. రాత్రి రెండు గంటలకు నిజంగానే దొంగ వచ్చి గొర్రెల్ని ఎత్తుకుపోతున్నప్పుడు అది గొంతు చించుకున్నా ఎవరూ లేవరు. మందలో తిరిగే కుక్క అలా కాదు. ఊరికే మొరగదు, మొరిగిందంటే కారణం ఉంటుంది, మా తాత లేచి కూర్చునేవాడు. దొంగల కోసమే పెద్ద కుక్క అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆయుధాలతో వచ్చిన నలుగురు మనుషుల్ని ఏ కుక్కా ఆపలేదు. మనిషిని లేపడం దాని పని, లేవడం మన పని. అరవై గొర్రెల్ని తోటలో పెట్టి, కుక్కను గేటుకు కట్టి, ఇంట్లో ఫ్యాను కింద పడుకుంటే ఆ మందకు కావలి లేనట్టే.

చట్టం కూడా ఈ మాట ఎప్పుడో చెప్పింది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచి ఉంది. అందులో 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ నేరమే.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు రాసిన లేఖలో కంగల్, అక్‌బాష్, కాకేసియన్ షెపర్డ్ లాంటి మందకుక్కల పేర్లూ ఉన్నాయి. నెల తిరిగేలోపే, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, ఆ వెంటనే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేశాయి. టీకొట్టు దగ్గర రోషం జాతిలో ఉందంటారు, ఆ లేఖ రాసినవాళ్లు ప్రమాదం జాతిలో ఉందన్నారు. రెండూ ఒకటే పొరపాటు. గొర్రెల మధ్య పడుకుని వేల ఏళ్లు గడిపిన జాతి కూడా గొలుసు పొడవంత లోకంలో పెరిగితే కరవకుండా ఏం చేస్తుంది?

ఇంతకీ మందకుక్కను చూసుకోవడం అంటే ఏమిటో మా వైపు మాట్లాడుకునేవాళ్లు తక్కువ. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు తేలాయి, తెలంగాణ తర్వాత మనమే. అన్ని జీవాల వెంట ఎన్ని కుక్కలున్నాయో, వాటిలో ఎన్నిటికి నులిపురుగుల మందు పడుతోందో ఎవరూ అడగరు. గొర్రెలకు నీలి నాలుక టీకా, చిటుకు రోగం టీకా తేదీలు గోడ మీద రాసుకునే కాపరి కూడా కుక్కను మర్చిపోతాడు. మంద ఆరోగ్యం ఆ కుక్క పేగుల్లో ఉంది. గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోవడం మనందరం చూశాం. మెదడులో నీటితిత్తి పెరిగితే వచ్చే జబ్బు అది. అలా చచ్చిన గొర్రె తలను కుక్కకు వేస్తే, ఆ తిత్తిలోని పురుగు కుక్క పేగులో బద్దెపురుగై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మేతలో కలిసి మళ్లీ గొర్రెకు చేరతాయి. మరో రకం బద్దెపురుగు గుడ్లు మనిషికి అంటితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నిమ్మకాయంత, ఒక్కోసారి కొబ్బరికాయంత నీటితిత్తులు కడతాయి. ఆదివారం పొట్టేలును కోసి, తినడానికి పనికిరాని ఊపిరితిత్తుల ముక్కను ప్రేమగా కుక్కకు విసురుతాం. ఆ ప్రేమే జబ్బును ఇంటికి తెస్తుంది. తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి ఎప్పుడూ వెయ్యకండి. ఉడికించి పెట్టండి, లేదంటే లోతుగా పాతిపెట్టండి. మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్రను డాక్టరు చెప్పిన మోతాదులో వెయ్యండి. ఆ ఒక్క మాత్ర ఖర్చు గొర్రె చెవి ఖరీదు చెయ్యదు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత ఏటా తప్పకుండా. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసిన రోజు అది. ఊరకుక్కల గుంపుతో రోజూ తలపడేది మందకుక్కే, పిచ్చికుక్క కాటు మొదట పడేదీ దానికే. కూనలకు పార్వో టీకా వేయించకపోతే రెండు రోజుల నెత్తురు విరేచనాలతో ఈత మొత్తం పోతుంది. వానాకాలంలో చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు వెతికి తియ్యాలి. వాటివల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేసి, చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి నెత్తురు కారి చనిపోతుంది. మనం దిష్టి అనుకుంటాం. తిండి విషయంలో, మజ్జిగన్నం మాత్రమే పెట్టి రాత్రంతా తిరగమనడం భావ్యం కాదు. జొన్న సంకటిలో గుడ్డో, ఉడికించిన మాంసం ముక్కో, చవగ్గా దొరికే ఎండుచేపో కలపండి. పాలిచ్చే తల్లికి రెట్టింపు పెట్టండి.

ఇప్పటికే పెద్ద జాతి కుక్కను తెచ్చుకున్నవాళ్ల సంగతి? వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు అడిగితే వెళ్లి కూర్చుని మాట్లాడతాను. దాన్ని వదిలించుకోవద్దు, హైవే మీద దింపేసి అసలు రావద్దు. గొలుసు తీసేసి కంచె వెయ్యండి. రేకుల కింద కాకుండా వేపచెట్టు కిందికి మార్చండి, నేల తవ్వి తడిపిన ఇసుక పొయ్యండి, మట్టి తొట్టిలో నీళ్లు రోజుకు మూడుసార్లు మార్చండి. ఎండలో నడిపించకండి. బొచ్చు చర్మం దాకా గొరిగించకండి, ఆ బొచ్చు ఎండను కూడా కొంత ఆపుతుంది. వెంట్రుకలు ముడిపడకుండా దువ్వితే చాలు. ఆ జాతి పిల్లలకు ఎముకలు గట్టిపడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. త్వరగా ఎదగాలని కాల్షియం టానిక్కులు పట్టిస్తే కీళ్లు చెడతాయి. ఒకేసారి కడుపు నిండా పెట్టి పరుగెత్తిస్తే పొట్ట మెలిపడి గంటల్లో ప్రాణం పోతుంది, అందుకని రెండు పూటలా కొంచెం కొంచెం పెట్టండి. వయసొచ్చినదాన్ని గొర్రెల్లోకి ఒంటరిగా వదలకండి, ముఖ్యంగా ఈనే కాలంలో. అది మందకుక్క కాకపోవచ్చు. ఇంటి మనిషిగానైనా బతకనివ్వండి.

ఈ రాస్తున్న సమయానికి మా దొడ్డిలో తడకల చాటున ఒక ఆడకుక్క ఈని పందొమ్మిది రోజులైంది. నాలుగు కూనలు, రెండు బూడిదరంగువి, రెండు ఎర్రవి. నిన్ననే ఒక ఎర్రది గంప దాకా పాకివెళ్లి గొర్రెపిల్ల మూతి నాకి వచ్చింది. నాలుగు నెలలు నిండేదాకా ఏదీ దొడ్డి దాటదు. తర్వాత జీవాలున్నవాళ్లు ఎవరొచ్చి అడిగినా ఇస్తాను, పైసా తీసుకోను. ముందు వాళ్ల దొడ్డి చూడటానికి నేనే వస్తాను. పడుకోవడానికి దానికి గొర్రెల మధ్య చోటుంటే తీసుకెళ్లొచ్చు. గేటు పక్కన గుంజ పాతి ఉంటే మాత్రం కూనను నా గొంగళిలో చుట్టుకుని తిరిగి వచ్చేస్తాను.